పొగగొట్టమునకు లోపలి అతుకు



ఏబదియెనిమిదేండ్ల వయస్సున నేనొక క్రొత్త చేతిపని నేర్చితిని. దానిని టిగ్ వెల్డింగు అందురు. అది నాకేల అవసరమయ్యెనో, నేర్చుటలో నా లోభమువలన మా అన్నకుమారునికి ఎట్టి నష్టము వచ్చెనో, తుదకా తప్పు ఎట్లు దిద్దుకొంటినో ఈ పూట మీకు మనవి చేసెదను. మీ గ్రామములందును ట్రాక్టరులు, బోరుబండ్లు, కంప్రెసరులు ఉన్నవి. వాని పొగగొట్టము పగిలిన దినమున ఈ మాటలలో కొన్నియైన అక్కరకు రావచ్చును.

మాది బెలుం గుహలకు సమీపముననున్న ఒక పల్లె. మండలము కొలిమిగుండ్ల. పేరులో కొలిమి ఉన్నది గాని, ఇప్పుడు మా ప్రక్కలకు పేరు తెచ్చినది రాయి. పైకి చూచిన చదునైన చేలు. మన్ను తొలగించిన సున్నపురాయి పొరలుపొరలుగా కనబడును. మీ యిండ్లలో పఱచిన నాపరాయి అదియే. ఆ రాతిని వేలయేండ్లు నీరు తిని గుహలు చేసినది; మనుష్యుడు తొలిచి గనులు చేసినాడు. మా అన్నకుమారుడు అప్పుచేసి, ఆ గనులలో రంధ్రములు తొలుచు పనికై, డీజిలు ఇంజనుతో నడచు కంప్రెసరు నొకదానిని పాతదిగా కొన్నాడు. నాలుగు సిలిండరుల ఇంజను. దానికి టర్బో కలదు.

టర్బో యన నేమో ముందు చెప్పవలయును. కమ్మరి కొలిమికి తిత్తి ఎట్లో ఇంజనుకు టర్బో అట్లు. బొగ్గులకు గాలి ఎక్కువైన మంట ఎక్కువగును గదా. ఇంజనులోనికిని గాలి ఎక్కువగా దూర్చినచో ఎక్కువ నూనె కాల్చి ఎక్కువ బలము చూపును. అయితే కొలిమితిత్తిని ఊదుటకు ఒక పిల్లవాడు కావలయును. ఇచట ఆ పిల్లవాని పని ఇంజను విడిచిన పొగయే చేయును. పొగ వేగముతో వచ్చి ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని నొక్కి ఇంజనులోనికి త్రోయును. వ్యర్థముగా పోవు పొగచేత పని చేయించుకొను ఈ యుపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. మా బోటి ఇంజనులకుండు టర్బోలో ఆ చక్రములు నిమిషమునకు లక్ష చుట్లకు పైబడి తిరుగును. ఈ మాటను గుఱుతుంచుకొనుడు. నా తప్పునకు శిక్ష పడినది ఆ లక్ష చుట్లవలననే.

నాలుగు సిలిండరుల పొగను ప్రోగుచేసి టర్బోకు చేర్చు గొట్టమును మానిఫోల్డు అందురు. నాలుగు పిల్లకాలువలు ఒక పెద్దకాలువలో కలిసినట్లుండును. పని మీదనున్న డీజిలు ఇంజనులో దానిగుండ పోవు పొగ ఆరేడువందల డిగ్రీల వేడి కలిగియుండును. ప్రొద్దున చల్లగా, మధ్యాహ్నము ఎఱ్ఱగా, రాత్రి మరల చల్లగా. ఇట్లు ఏండ్లతరబడి కాగి చల్లారిన మీదట మావాని మానిఫోల్డు రెండు శాఖల నడుమ పగిలినది. అది పోత ఇనుము. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని సుత్తితో తట్టి, పలికిన ధ్వనినిబట్టి లోని పగులును కనిపెట్టుదురు. నేనును విప్పి తట్టి చూచితిని. గంటవలె మ్రోగవలసినది పగిలిన కుండవలె పలికినది.

పోత ఇనుమునకు మామూలు వెల్డింగు పట్టదు. దానిలో బొగ్గుపాలు హెచ్చు. అతికినచోట గాజువలె పెళుసై, చల్లారునప్పుడు ప్రక్కనే మరల పగులును. ఒకచోట అతికించితిమి, పదిదినములు నడచినది. మరియొకచోట అతికించితిమి, నాలుగు దినములు. క్రొత్తది కొందమన్న ఆ పాత ఇంజనుకు సరిపడునది ఎక్కడను దొరకలేదు. కంప్రెసరు ఊరకున్నను బాకీ వడ్డీ ఊరకుండదు. అప్పుడు, స్టెయిన్‌లెస్ స్టీలు వంపుగొట్టములు తెచ్చి మనమే మానిఫోల్డు చేయుదమని నేనంటిని. మా అన్నకుమారుడు నావంక చూచి, “నీకు టిగ్ వస్తాదా చిన్నాయనా?” అనెను. రాదు. వచ్చువారు అడిగిన కూలి మాకు మించినది. కావున నేర్చుకొందునని నంద్యాలకు పోయితిని.

నంద్యాలలో నాకు పని నేర్పిన మేస్త్రీకి ముప్పదియేండ్లుండును. పాల కేంద్రములకు స్టీలు గొట్టములు అతికినవాడు. నా కొడుకుకంటె చిన్నవాడైనను, పనిలో నాకు గురువు. తెల్లవారుజామున బస్సులో పోయి, సాయంకాలము మరలివచ్చుచు ఆరు వారములు నేర్చితిని.

మామూలు వెల్డింగు మీరందరు చూచినదే. మందు పూసిన కడ్డీ తానే కరగుచు అతుకులో కలిసిపోవును. ఆ మందు కాలి పొగయై, చిట్టెమై, కరగిన లోహమును గాలినుండి కాపాడును. టిగ్‌లో అట్లు కాదు. కుడిచేతిలో టంగుస్టను సూది. టంగుస్టను 3422 డిగ్రీలకుగాని కరగదు. కావున సూది కరగక, దాని మొననుండి విద్యుజ్జ్వాల మాత్రము లేచి క్రింది లోహమును కరగించును. ఎడమచేతిలో సన్నని తీగ. దానిని ఆ కరగిన మడుగున బొట్టుబొట్టుగా అద్దవలయును. కుడికాలి క్రింద ఒక పెడలు; వేడిమి హెచ్చుతగ్గులు దానిచే చేయవలయును. సూది చుట్టునుండి ఆర్గాను అను వాయువు మెల్లగా కురియుచు గాలిని దరిచేరనీయదు.

ఈ ఆర్గాను మన గాలిలోనే నూటికి ఒకపాలునకు కొంచెము తక్కువగా ఉన్నది. 1894లో రేలీ ప్రభువును, విలియం రామ్సేయను కనుగొన్నారు. ఈ రామ్సేయే ఇరువదవ శతాబ్దపు ఆరంభమున మన దేశమునకు వచ్చి, జంషెడ్జీ తాతా తలపెట్టిన విజ్ఞానసంస్థకు బెంగుళూరు తగిన చోటని చెప్పినవాడు. ఆర్గాను అను గ్రీకు మాటకు సోమరి యని అర్థము. అది దేనితోను కలియదు, మండదు, తుప్పు పట్టించదు. మనుష్యులలో సోమరితనము దోషము గాని, వెల్డింగులో ఇంతకంటె మంచి గుణము లేదు. మొదట ఈ పని ఆర్గానుతో గాక హీలియముతో జరిగెను. కరగినప్పుడు గాలి తగిలిన భగ్గున మండు మెగ్నీషియముతో విమానభాగములు అతుకుటకై అమెరికాలో నార్త్రప్ విమాన కంపెనీలోని రస్సెల్ మెరెడిత్ దీనిని సాధించి 1942లో పేటెంటు పొందెను.

నేర్చుట సులభమని చెప్పజాలను. చేయి వణకును, సూది మడుగులో మునుగును, మొన చెడును. అప్పుడు ఆపి, గ్రైండరుపై సూదిని నిడుపు వాటమున మరల చెక్కవలయును. అడ్డముగా చెక్కినచో జ్వాల నిలకడ లేక అటునిటు పోవును. మొదటివారము నేను అతికిన కాలముకంటె చెక్కిన కాలమే హెచ్చు. ఎఱ్ఱ రంగు కొనగల సూదులలో థోరియము కలదు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. కావున లాంథనము కలిపిన సూదులను కొనుడు. రెండవవారమునను నా అతుకు మేకలు నడచిన బాటవలెనే వంకరలు పోయెను. మేస్త్రీ నా ముసుగు తీసి చూచి నవ్వి, చదువు కళ్లజోడు పెట్టుకొని దానిపై ముసుగు వేసికొమ్మనెను. అంతే! అంతవరకు నాకు మడుగే కనబడలేదు, వెలుగు మాత్రమే కనబడినది. “పెద్దాయనా, మంటను చూడగాకు, మడుగును చూడు” అని అతడు దినమునకు పదిమారులు చెప్పెడివాడు. మడుగు అంచులు తడిసి మెఱయుచుండిన తీగ అద్దవలయును. మడుగు పెద్దదగుచుండిన కాలు సడలించవలయును. సూదికిని లోహమునకును నడుమ ఎడము సూది మందముకంటె మించరాదు. ఇది మాటలతో వచ్చునది కాదు గాని, చెప్పనిదే చేయియు నేర్వదు.

మూడు మిల్లీమీటరుల మందముగల గొట్టమునకు నూరు ఆంపియరులు, నిమిషమునకు 8 మొదలు 10 లీటరుల ఆర్గాను మాకు సరిపోయినవి. అతుకు ముగిసిన వెంటనే చేయి తీయరాదు. ఎఱ్ఱదనము తగ్గువరకు వాయువు కురియుచుండవలయును.

ఆరవవారమునకు నా అతుకు, నాణెములను వరుసగా ఒకదానిపై ఒకటి జార్చి పేర్చినట్లు వచ్చినది. నాకు గర్వము కలిగెను. ఒకటింబాతిక అంగుళపు వంపుగొట్టములను కోసి, రాచి, ఇంజనుకు తగులు ఇనుపపలకకును టర్బో పలకకును అతికించి మానిఫోల్డు చేసితిని. మేస్త్రీ ఒక్క మాట చెప్పియుండెను: “గొట్టం లోపల కూడా గ్యాసు పెట్టు పెద్దాయనా.” వినినాను. కాని ఏడు ఘనమీటరుల సిలిండరు నిమిషమునకు 10 లీటరుల చొప్పున 700 నిమిషములు, అనగా పండ్రెండు గంటలకు లోపు వచ్చును. లోపలికిని మరియొక గొట్టము త్రిప్పినచో ఆరు గంటలైనను రాదు. పొగ పోవు గొట్టమునకు లోపల ఇంత భోగమేల యని అనుకొంటిని. వెలుపలి నాణెముల వరుసను చూచుకొని మురిసి, బిగించితిని.

పందొమ్మిది దినములు బాగుగానే నడచినది. ఇరువదవ దినమున టర్బో ఈల వేసి, పిదప గరగరమని, నల్లని పొగ క్రక్కెను. విప్పి చూచిన, టర్బోలోని పొగచక్రపు రెక్కలు ఎలుక కొఱికినట్లుండెను. మా అన్నకుమారుడు నన్నేమియు అనలేదు. మానిఫోల్డును చేతిలోనికి తీసికొని, సెల్‌ఫోను దీపము పట్టి, చాలసేపు చూచి నాచేతి కిచ్చెను. “పైన నున్నగానే ఉంది చిన్నాయనా. లోపల చూసినావా?” అనెను.

లోపల చూడలేదు. చూచిన, ప్రతి అతుకు వెనుకను మాడిపోయిన చక్కెరపాకమువలె నల్లని గరుకు పలుకులు. స్టెయిన్‌లెస్ స్టీలును ఎఱ్ఱగా కాచినప్పుడు దానికి ఒకప్రక్క ఆర్గాను దుప్పటి కప్పి, రెండవప్రక్కను గాలికి విడిచినచో, ఆ ప్రక్క క్రోమియము ప్రాణవాయువుతో కలిసి ఇట్లు పొంగి మాడును. ఇంగ్లీషు పనివారు దీనిని చక్కెర యనియే అందురు. అది అతుకులో పాలుగాదు, పగులునకు మొదలు. అట్టి పలుకొకటి రాలి, లక్ష చుట్లు తిరుగు చక్రముపై పడినది. టర్బో మార్చుటకు అయిన ఖర్చులో నేను మిగిల్చిన ఆర్గాను ఎన్నో సిలిండరులు వచ్చియుండును. ఆ నెల వానికి బాడుగ లేదు. గని కూలివారిలో ఇద్దరు వేఱొకనివద్ద పనికి కుదిరిరి. పిదప వారు తిరిగి రాలేదు.

కొన్నాళ్లు నేను ఆ పని ముట్టలేదు. అంతలో కడపనుండి బంధువులు వచ్చి గుహలు చూపుమనగా వారి వెంట పోయితిని. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త ఈ గుహలను గూర్చి వ్రాసెను. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మనులు వచ్చి లోపల కొలిచిరి. మొత్తము పొడవు 3229 మీటరులు; అందులో ఒకటిన్నర కిలోమీటరు మేర జనులు చూచుటకు 2002లో తెఱచిరి. పైనుండి చూచిన చేని నడుమ మూడు బావులవంటి బిలములే. మెట్లు దిగి, సింహద్వారము దాటి, కోటిలింగములకడకును పాతాళగంగకడకును పోవుకొలది ఉక్క హెచ్చి చొక్కా తడిసిపోవును. నడుమనడుమ పైనుండి గొట్టములద్వారా మంచిగాలి పంపుచుందురు. అట్టి గొట్టము క్రింద నిలిచి మా బంధువుల పిల్లవాడు, “ఇక్కడొక్కచోటే గాలి ఎందుకుంది తాతా?” అని అడిగెను. రంధ్రమున్నంత మాత్రమున గాలి లోపలికి రాదనియు, లోపలి గాలి దానంతట పోదనియు, ఒకటి పంపవలయు, ఒకటి పోవుటకు త్రోవ విడువవలయు ననియు వానికి చెప్పితిని. చెప్పుచుండగా నా మానిఫోల్డు నాకు జ్ఞాపకమునకు వచ్చెను. అది నాలుగు నోళ్ల గుహ. నేను దాని పైకప్పును మాత్రము కాపాడి, లోపల గాలిని అట్లే నిలువనిచ్చితిని.

మరుసటి సోమవారమే నంద్యాలకు పోయి మేస్త్రీని లోపలి పని చూపుమంటిని. అది ఇట్లుండును. ఆర్గాను గాలికంటె సుమారు 1.4 రెట్లు బరువు. కావున గొట్టపు నోళ్లన్నిటిని అల్యూమినియము కాగితముతోను పట్టీతోను మూసి, అన్నిటికంటె క్రిందనున్న నోట ఆర్గానును మెల్లగా విడువవలయును. అన్నిటికంటె పైనున్న నోట చిన్న రంధ్రము ఉంచవలయును. కుండలో నీరు నిండినట్లు ఆర్గాను అడుగునుండి నిండుచు గాలిని పైకి త్రోయును. వేగిరపడి గట్టిగా విడిచినచో రెండును కలిసిపోవును. నిండినదా లేదా యనుటకు పై రంధ్రముకడ అగ్గిపుల్ల వెలిగించి పెట్టుడు, నిండినచో ఆరిపోవును. పాతబావిలో దిగుటకు ముందు మన పెద్దలు దీపము దింపి చూచెడివారు గదా, అట్లే.

ఆ బావి సామ్యమే ఇక్కడ ప్రమాదమును కూడ చెప్పుచున్నది. అగ్గిపుల్ల ఆరినచోట మనుష్యుడును నిలువడు. ఆర్గానుకు రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. ఊపిరి ఆడుచున్నట్లే యుండి తెలివి తప్పును. గుంతలలో, ట్యాంకులలో, తలుపులు మూసిన కొట్లలో ఈ పని చేయరాదు. మరియు జింకుపూత గొట్టములను అతుకరాదు, ఆ పొగ జ్వరము తెచ్చును. బ్రేకులు కడుగు ద్రావకములలో కొన్నిటియందు క్లోరిను కలదు. అట్టిదానితో తుడిచినచోట జ్వాల తగిలిన ప్రాణము తీయు విషవాయువు పుట్టును. తుడుచుటకు అసిటోను చాలును, అదియు పూర్తిగా ఆరిన పిమ్మటనే జ్వాల ముట్టింపవలయును. స్టెయిన్‌లెస్ పొగలోని క్రోమియము ఊపిరితిత్తులకు చెఱుపు. తల ఆ పొగలో ఉంచరాదు.

రెండవ మానిఫోల్డునకు ముందు చిన్న ముక్కలు రెండు అతికి, రంపముతో నిలువున చీల్చి లోపల చూచితిని. గడ్డిరంగు వచ్చినది, కొన్నిచోట్ల నీలము. అది మంచి గుఱుతు. బూడిదరంగు, నలుపు వచ్చినచో వాయువు చాలలేదన్నమాట.

ఇంకొక తప్పును కూడ ఈసారి దిద్దితిని. బండిచక్రమునకు ఇనుపపట్టా కాచి తొడుగుట మీరెఱుగుదురు. కాగిన పట్టా పెరుగును, చల్లారి బిగియును. అరమీటరు స్టెయిన్‌లెస్ గొట్టమును 600 డిగ్రీలు కాచిన సుమారు 5 మిల్లీమీటరులు పెరుగును. దానిని పట్టియున్న ఇంజను తల మాత్రము నీటితో చల్లబడి అంత పెరుగదు. నాలుగు శాఖలను ఒకే పొడుగు పలకకు బిగించిన, ఆ పెరుగుదల ఎటు పోవలయును? అతుకులను చీల్చును. కావున పలకను శాఖకొక ముక్కగా కోసితిని. చివరి బోల్టు రంధ్రములను కొంచెము నిడుపు చేసితిని. టర్బో బరువు గొట్టములపై వ్రేలాడకుండ ఇంజను ప్రక్కనుండి ఒక ఊత కట్టితిని. అతుకునప్పుడు పలకలను మందమైన ఇనుపదిమ్మెకు బిగించి, ఒకచోట కొంచెము, దూరమున మరికొంచెము అతికి, చేయి పెట్టగలిగినంత చల్లారిన పిదపనే విప్పితిని. స్టెయిన్‌లెస్‌ను స్టెయిన్‌లెస్‌కు అతుకుటకు 308ఎల్ తీగ, ఇనుపపలకకు అతుకుటకు 309ఎల్ తీగ. చివర నోళ్లు మూసి, లోపల కొంచెము గాలి నింపి, సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూచితిమి. ఒకచోట వచ్చెను, రాచి మరల అతికితిని. ప్రతి అతుకు వెనుకను పండ్లవైద్యుని అద్దమువంటి చిన్న అద్దము పెట్టి చూచితిని. నాతోబాటు మా అన్నకుమారుడును చూచెను.

అది బిగించి పదునొకండు నెలలైనది. పోయిన నెలలో మూడవ శాఖ మొదట వెంట్రుకవంటి పగులు కనబడెను. ఊత బోల్టు వదులై టర్బో ఊగుచుండుటయే అందుకు కారణము. ఈసారి మావాడు నన్ను ముట్టనీయలేదు. తానే పగులును రాచి, తానే ముసుగు వేసికొని కూర్చుండెను. నన్ను నోళ్లు మూయుమనెను. మూసితిని. పైరంధ్రముకడ అగ్గిపుల్ల గీసి పెట్టితిని. రెండుమార్లు వెలుగుచునే యుండెను, మూడవమారు ఆరెను. అప్పుడు వాడు పెడలుపై కాలు మోపెను.